గోడకి చెమ్మ పడితే తప్పెవరిది? గ్లాస్గో కథ

ఈ రోజు టాపిక్ గోడ మీద నల్ల బూజు. నవ్వకండి, దీని వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

యూట్యూబ్‌లోకి రాకముందు, ఆన్‌సైట్ మీద నేను స్కాట్లాండ్‌లో ఒక ఏడాది ఉన్నాను. నలుగురు తెలుగోళ్లం, పాత రాతి బిల్డింగ్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నవంబర్ వచ్చేసరికి నా మంచం పక్క గోడంతా నల్ల చుక్కలు. డిసెంబర్‌కి అమ్మ సూట్‌కేసులో పెట్టిచ్చిన శాలువా కూడా బూజు వాసన. ఏజెంట్‌కి ఫొటోలు పంపాం. జవాబు ఏంటో తెలుసా? "మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు లోపల ఆరేస్తారు. కిటికీలు తెరవండి." బయటేమో రెండు డిగ్రీలు! మా ఆఫీసులో బగ్ రిపోర్ట్ చేస్తే డెవలపర్ చెప్పే డైలాగే ఇది: నా మెషీన్‌లో బానే ఉంది, తప్పు యూజర్‌దే.

కానీ నేను నమ్మేశాను. కొన్నాళ్లు పప్పుకి కుక్కర్ పెట్టాలన్నా తప్పు చేస్తున్నట్టే ఉండేది. ఆ జవాబుకి అప్పటికే నా వయసుకంటే ఎక్కువ వయసుందని తర్వాత చదివితే తెలిసింది.

గ్లాస్గోలో క్లైడ్ నదికి దక్షిణంగా గోర్బల్స్ అనే పేట ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి ఇరుకు ఇళ్లు కూల్చేసి పెద్ద పెద్ద ఫ్లాట్లు కట్టారు. అందులో ఒకటి హచిసన్‌టౌన్ ఈ. 1960ల చివర్లో పని మొదలైంది. ఫ్యాక్టరీలో పోత పోసిన కాంక్రీట్ పలకలు తెచ్చి ఇక్కడ బిగించేయడమే, ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న పద్ధతి. కొత్త బాత్రూమ్, కొత్త కిచెన్ చూసి జనం సంబరపడ్డారు. ఎక్కువ రోజులు కాదు. గోడలు చెమర్చాయి, బట్టలకీ ఫర్నిచర్‌కీ బూజు పట్టింది. జనం ఆ బిల్డింగులకి పెట్టిన పేరు "డాంపీస్". మన భాషలో చెమ్మ ఇళ్లు అనుకోండి.

కౌన్సిల్ ఏమంది? అది చెమ్మ కాదు, కండెన్సేషన్ అంది. అంటే మీరు బతికే పద్ధతి వల్ల వచ్చిందని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి సైన్స్ చూద్దాం. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు టేబుల్ మీద పెడితే బయటంతా నీళ్ల చుక్కలు వస్తాయి కదా. చెంబు కారలేదు. గదిలో గాలికి చల్లటి చెంబు తగిలి, అందులోని ఆవిరి నీరైంది. ఇంట్లోనూ అంతే. ఊపిరి, వంట, స్నానం, అన్నిట్లోంచీ ఆవిరి వస్తుంది. గోడ వెచ్చగా ఉంటే ఏ గొడవా లేదు. లోపల వేడిని పట్టి ఉంచే ఇన్సులేషన్ లేని కాంక్రీట్ గోడ ఆ చెంబే. కాబట్టి కౌన్సిల్ చెప్పింది సగం నిజం. ఆవిరి మనుషులదే. కానీ ఊపిరి పీల్చకుండా ఎవరూ ఉండలేరు, గోడని మాత్రం వెచ్చగా కట్టొచ్చు. హీటర్ పెంచుకోమంటారా, ఆ బిల్లు కట్టలేకే కదా తగ్గించుకున్నది!

1975లో అక్కడివాళ్లు చెమ్మ వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టారు. మీటింగులు పెట్టారు, అద్దె కట్టడం ఆపారు, నష్టపరిహారం అడిగారు. చివరికి బిల్డింగులు ఖాళీ చేయించి, 1987లో కూల్చేశారు. కట్టి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం ఈస్టర్‌హౌస్ ఏరియాలోని ఈస్ట్‌హాల్ వాళ్ల పద్ధతి. అదే 1987లో వాళ్లు ధర్నా దగ్గర ఆగలేదు. ఆర్కిటెక్టుల్ని, ఇంజినీర్లని తమ దగ్గరికే పిలిపించి "హీట్‌ఫెస్ట్" పెట్టారు. మా ఇల్లు వెచ్చబడాలంటే ఏం చెయ్యాలో మాతో కూర్చుని గీయండి అన్నారు. అందులోంచి 36 ఫ్లాట్ల ప్రాజెక్ట్ వచ్చింది. యూరప్ నిధులతో, ఇన్సులేషన్ వేసి, ఎండ వేడిని వాడుకునేలా మార్చారు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే నాకు ఇదే గుర్తొస్తుంది, ఫారం కాదు.

ఫారం సంగతీ చెప్తా. 2022లో స్కాట్లాండ్ ఒక చట్టపరమైన ఆదేశం తెచ్చింది. మొత్తం 32 కౌన్సిళ్లూ తమ ఊళ్లో ఇళ్లు ఎలా వెచ్చగా ఉంచాలి, ఏ ఇళ్లకి ఇన్సులేషన్ కావాలి, ఎక్కడ పైపుల ద్వారా ఊరుమ్మడిగా వేడి ఇవ్వొచ్చు అని 2023 డిసెంబర్ 31లోపు ప్లాన్ రాయాలి. చాలా కౌన్సిళ్లు డ్రాఫ్ట్ పెట్టి జనాన్ని అడిగాయి. కట్టాక తిట్లు తినడం కంటే ముందే అడగడం మేలు, ఒప్పుకుంటా. కానీ ఆ డ్రాఫ్టులు పదుల పేజీలు, భాష మన టెండర్ నోటీసు టైపు. చెమ్మ గోడ పక్కన పడుకునేవాడు అది చదువుతాడా? పైగా ఆ ప్లాన్ ఒక్కటే ఏ ఇంటి ఓనర్‌నీ ఏదీ చెయ్యమని బలవంతపెట్టదు.

ఇదేదో కంఫర్ట్ గొడవ అనుకోకండి. 2020 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. ఇంట్లో బూజుని చాలాకాలం పీల్చడమే కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ తేల్చారు. అక్కడ కూడా కుటుంబం బతికే తీరు మీదకే నెట్టారు. 2023లో వచ్చిన చట్టంలో ఇప్పుడు ఆ బాబు పేరుతోనే ఒక నిబంధన ఉంది: ఇంగ్లండ్‌లో సామాజిక గృహాల యజమానులు ఇలాంటి ప్రమాదాల్ని గడువులోపు సరిచెయ్యాలి.

మా ఊరి ఫారం నేను నింపాను. "ఇతర అభిప్రాయాలు" అనే డబ్బాలో మా గోడ గురించి రాశాను, కుక్కర్ గురించి కూడా. రెండు నెలలకి ప్రాజెక్ట్ అయిపోయింది, హైదరాబాద్ వచ్చేశాను. ఆ రూమ్‌లోనే ఉండిపోయిన ఫ్రెండ్ మొన్న చలికాలంలో ఫొటో పంపాడు. అదే గోడ, పైన కొత్త పెయింట్, పెయింట్ కింద చుక్కలు.

మీలో ఎవరైనా అక్కడ చదువుకుంటుంటే ఒక్క మాట. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో కంప్లైంట్ పెట్టండి, తేదీతో ఫొటోలు దాచుకోండి. స్కాట్లాండ్‌లో ప్రైవేట్ అద్దె ఇంటికి "రిపేరింగ్ స్టాండర్డ్" ఉంది. ఓనర్ దాన్ని పాటించకపోతే హౌసింగ్ ట్రిబ్యునల్‌కి మీరే అప్లై చేసుకోవచ్చు. మా ఫ్రెండ్‌కి కూడా ఇదే చెప్పాను, మెయిల్ డ్రాఫ్ట్ రాసిచ్చాను. ఏమైందో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా.