మేం పంపని రాయబారులు

మా పేర్లు వినగానే చాలామందికి నిజాం గుర్తొస్తాడు. మా తాతలంతా దేవిడీల్లో హుక్కా పీల్చిన నవాబులనుకుంటారు. దూదేకేవాడికీ, జట్కా తోలేవాడికీ, కౌలుకు దున్నేవాడికీ నిజాంతో ఉన్న చుట్టరికం ఏమిటి? అయినా 1948లో నిజాం తరఫువాళ్ళు ప్రపంచం ముందు మాట్లాడిన ప్రతి మాటనూ మా ఖాతాలోనే రాశారు. ఆ మాటలు ఎవరివో చూద్దాం.

ఒక రాజ్యం రాయబారిని మరో రాజ్యం స్వీకరించిందంటే, పంపినదాన్ని రాజ్యంగా ఒప్పుకున్నట్టే. 1798 ఒప్పందంతో హైదరాబాద్‌కు ఆ హక్కు పోయింది. పరరాజ్యాలతో వ్యవహారం కుంపిణీ చేతికెళ్ళింది. కోఠీలో రెసిడెంటు పేరుకు రాయబారి, పనికి పెత్తందారు.

1947 ఆగస్టులో ఆ పెత్తనం పోయింది. నవంబరు 29న ఇండియాతో ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఢిల్లీ నుంచి కె.ఎం. మున్షీ వచ్చాడు. రాయబారి అంటే హైదరాబాద్ వేరే దేశమవుతుంది. రెసిడెంటు అంటే తెల్లవాడి కాలం మళ్ళీ వచ్చినట్టవుతుంది. అందుకని ఆయన 'ఏజెంట్ జనరల్'. ఆ ఒక్క మాట చాటున రెండు ప్రభుత్వాలూ ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు దాచుకున్నాయి.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తంతి ఇచ్చింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా ఫిర్యాదు చేసుకోవచ్చని సమితి నిబంధన. కానీ అది రాజ్యమై ఉండాలి కదా! చిక్కంతా అక్కడే. సెప్టెంబరు 13న సైన్యం సరిహద్దు దాటింది. 16న ప్యారిస్‌లో మండలి కూచుంది. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, ఇండియా తరఫున రామస్వామి మొదలియార్. మర్నాడే నిజాం సేనలు లొంగిపోయాయి. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. పంపినవాడే కాదన్నాక ప్రతినిధి మాటకు విలువెక్కడ?

ఆ తంతి వెళ్ళిన రాత్రే కాచిగూడ దగ్గర షోయబుల్లా ఖాన్‌ను నరికారు. ఆయన 'ఇమ్రోజ్' సంపాదకుడు, ముస్లిం. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు రజాకార్లు చేతులు నరికి చంపారు. మా తరఫున మాట్లాడినవాడెవడని అడిగితే మేం ఆయన పేరు చెబుతాం. ఆయన దగ్గర అధికార పత్రం ఏదీ లేదు.

ఇక డబ్బు సంగతి. సెప్టెంబరు 20న లండన్ బ్యాంకులోని హైదరాబాద్ సొమ్ము, పది లక్షల పౌండ్ల పైచిలుకు, పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాకు మారింది. నిజాం దావా వేశాడు. సార్వభౌమ దేశాన్ని దాని అంగీకారం లేకుండా మా కోర్టుకు ఈడ్చలేమని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. రాయబారికి రక్షణ, రాయబారి ఖాతాకు రక్షణ. చివరికి 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదంది. అప్పటికది మూడున్నర కోట్ల పౌండ్లు. నిజాం వారసులూ భారత ప్రభుత్వమూ పంచుకునేది.

సొమ్ము చేతులు మారిన ఆ రోజుల్లోనే మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో రజాకార్ల పాపానికి పల్లెల్లోని సాయెబులు లెక్క చెల్లించారు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఊరూరా తిరిగి, ఎంత తక్కువ చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు.