నల్లమల మలుపుల్లో టర్బో: ఒక స్పోర్ట్స్ కారు నడక మారిన తీరు

కాలు యాక్సిలరేటర్‌ను నొక్కిన క్షణానికీ, ఆ నొక్కుడు చక్రాలకు అంది బండి ముందుకు లాగిన క్షణానికీ మధ్య ప్రతి కారులోనూ కొంత వ్యవధి ఉంటుంది. రెప్పపాటు కన్నా తక్కువైన ఆ వ్యవధిని నడిపేవారి ఒళ్ళు గుర్తుపెట్టుకొని, మలుపులో ఎప్పుడు ఎంత నొక్కాలో దాన్నిబట్టే లెక్క వేసుకుంటుంది. పాతకాలపు స్పోర్ట్స్ కార్లకు దక్కిన గౌరవంలో అధికభాగం ఆ లెక్క తప్పకపోవడం వల్ల వచ్చినదే. టర్బోచార్జర్ మొదట ఆ లెక్కను తారుమారు చేసింది. తరువాతి నలభై యాభై ఏళ్ళలో ఇంజనీర్లు దాన్ని సరిచేసే ప్రయత్నం చేస్తూ వచ్చారు. ఆ క్రమంలో కారు నడకలో మరికొన్ని గుణాలు కూడా మారిపోయాయి. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆవిష్కరించిన 911 కారు ఈ మార్పులన్నిటినీ ఒకే పేరుతో, దాదాపు ఒకే రూపంతో చవిచూసింది కనుక ఈ చరిత్రకు దానికి మించిన ఉదాహరణ లేదు.

ఆ కారు పాలమూరు ప్రాంతంలో ఎప్పుడో ఒకసారి తప్ప కనబడకపోయినా, దాని నడకను మార్చిన యంత్రం మాత్రం అక్కడి లారీల్లో రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంది. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన వనపర్తి, జోగుళాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల గుండా స్వభావంలో పూర్తిగా భిన్నమైన రెండు దారులు పోతాయి. కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల గుండా కర్నూలుకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి, ఒకనాటి 7వ నంబరు రహదారి, చాలావరకు సూటిగా, చదునుగా ఉంటుంది. మన్ననూరు దగ్గర నల్లమల అడవిలోకి ప్రవేశించి, దోమలపెంట, ఈగలపెంట దాటాక శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న వంతెన దాకా మెలికలు తిరుగుతూ దిగే 765వ నంబరు రహదారి అందుకు పూర్తిగా వ్యతిరేకం. టర్బో చేసే మేలు మొదటి దారిలోనూ, అది పెట్టే పరీక్ష రెండో దారిలోనూ తేటతెల్లమవుతాయి.

పెట్రోలును మండించడానికి గాలి కావాలి. మామూలు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడిన ఖాళీలోకి బయటి గాలి తనంతట తానే వచ్చి చేరుతుంది కాబట్టి, సిలిండర్ పరిమాణాన్ని మించి గాలిని నింపడం సాధ్యం కాదు. కమ్మరి తిత్తితో ఊది కొలిమిని రాజేసినట్లు, టర్బో బలవంతంగా గాలిని లోపలికి తోస్తుంది. ఆ తోయడానికి కావలసిన శక్తిని అది వృథాగా బయటికి పోయే పొగ నుంచే తీసుకుంటుంది. ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు ఉంటాయి: పొగ తాకిడికి తిరిగే మొదటి దాన్ని టర్బైన్ అనీ, దానితోపాటు తిరుగుతూ గాలిని కుదించి సిలిండర్లలోకి పంపే రెండో దాన్ని కంప్రెసర్ అనీ అంటారు. అరచేతిలో ఇమిడే ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతాయి. వాటి ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుతూ ఉంటుంది. లారీ డ్రైవర్లు దాబా ముందు బండి ఆపిన వెంటనే తాళం తిప్పకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను అలాగే వదిలిపెట్టే అలవాటుకు కారణం ఇదే: అప్పటిదాకా బరువు లాగి కాలిన టర్బైన్ చల్లబడకముందే ఇంజన్ ఆగితే నూనె ప్రవాహమూ ఆగి, ఇరుసు దగ్గర మిగిలిన నూనె మాడి మసి కడుతుంది.

ఈ యంత్రానికి మూలపురుషుడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ. ఆయన 1905లో పేటెంటు తీసుకున్నాడు. అయితే అంతటి వేడినీ వేగాన్నీ తట్టుకునే లోహాలు అప్పటికి లేకపోవడంతో ఆ ఆలోచన ఓడల డీజిల్ ఇంజన్లలో స్థిరపడడానికి 1920ల దాకా పట్టింది. ఈలోగా విమానాలకు దాని అవసరం ఏర్పడింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ బలం తగ్గుతుంది కనుక, ఆ లోటును టర్బోతో పూడ్చవచ్చునని అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ 1918లో పద్నాలుగు వేల అడుగులకు పైబడిన పైక్స్ పీక్ శిఖరం మీదికి ఒక విమాన ఇంజన్‌ను ఎక్కించి మరీ నిరూపించాడు. ఓడ, విమానం, ఆ తరువాత లారీ: ఈ మూడింటిలోనూ ఇంజన్ గంటల తరబడి ఒకే వేగంతో, ఒకే బరువుతో పనిచేస్తుంది కాబట్టి టర్బో ఆలస్యంగా అందుకోవడమనే లోపం వాటిలో ఎవరినీ బాధించలేదు. కారు విషయం వేరు. కారులో కాలు క్షణానికోసారి పైకీ కిందికీ ఆడుతుంది.

అందుకే కార్లలో టర్బో తొలి అడుగులు తడబడ్డాయి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ కార్లు టర్బోతో వచ్చాయి. జెట్‌ఫైర్‌లో ఇంజన్ వేడెక్కి పెట్రోలు తన వేళకన్నా ముందే పేలకుండా నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా పోసుకోవలసి వచ్చింది. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బో అదే ఏడాది చుట్టుముట్టిన చమురు సంక్షోభానికి బలైపోయింది.

పోర్షే టర్బోను పందేల్లో నేర్చుకుంది. 1972, 1973 సంవత్సరాల్లో ఉత్తర అమెరికాలో జరిగిన కాన్-యామ్ పోటీల్లో ఆ సంస్థ 917 కార్లు టర్బో బలంతో విజేతలయ్యాయి. వాటిలో మార్క్ డొనహ్యూ నడిపిన 917/30 వెయ్యికి మించిన అశ్వశక్తితో పరుగెత్తింది. ఆ అనుభవంతో 1974లో పారిస్ ప్రదర్శనలో 911 టర్బో జనం ముందుకు వచ్చింది. మూడు లీటర్ల ఇంజన్, 260 అశ్వశక్తి, నాలుగే గేర్లు. సంస్థ లోపల 930 అనే అంకెతో పిలిచిన ఈ కారు అందుకున్న కీర్తికీ, అపకీర్తికీ ఒకటే కారణం.

ఆ కారణాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. కుదించిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు ముందే పేలకుండా ఉండాలంటే సిలిండర్‌లో పిస్టన్ చేసే కుదింపును తగ్గించక తప్పదు. 930లో ఆ కుదింపు నిష్పత్తి 6.5కు 1 మాత్రమే కావడంతో, టర్బో ఇంకా అందుకోని తక్కువ చక్కర్లలో ఆ ఇంజన్ మామూలు 911 కన్నా నీరసంగా ఉండేది. మలుపు మధ్యలో నడిపేవాడు యాక్సిలరేటర్ నొక్కితే ముందు ఏమీ జరగదు. పొగ పెరిగి, టర్బైన్ వేగం పుంజుకొని, గాలి ఒత్తిడి నిండేసరికి కాలు నొక్కిన చోటు వెనకపడిపోయి బండి మలుపులో మరో చోట ఉంటుంది. అప్పుడు బలమంతా ఒక్కసారిగా వెనుక చక్రాల మీద పడుతుంది. ఈ వ్యవధినే టర్బో ల్యాగ్ అంటారు. బెదిరి కాలు తీసేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే 911లో ఇంజన్ వెనుక ఇరుసుకు కూడా అవతల వేలాడుతూ ఉంటుంది. కాలు తీసిన క్షణంలో బరువు ముందుకు వాలి, పట్టు తప్పిన వెనుక భాగం బయటికి విసురుకుపోతుంది. అందువల్ల ఆ కారును నేర్పుగా నడిపేవారు మలుపు మధ్యలో కావలసిన బలాన్ని మలుపు మొదట్లోనే అడగడం అలవాటు చేసుకున్నారు. పాత 911 కాలు చెప్పినదాన్ని ఉన్నదున్నట్లు చేసేది. 930 ముందుచూపును కోరింది. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన ఇప్పటికీ ఉంది గాని, కారు పేరు మారకుండా దాన్ని నడిపే విద్య మారిపోయిందన్నది మాత్రం నిర్వివాదం.

1978లో ఇంజన్‌ను 3.3 లీటర్లకు పెంచి, ఇంటర్‌కూలర్‌ను చేర్చారు. కంప్రెసర్ నుంచి వచ్చే వేడిగాలిని ఇంజన్‌లోకి పంపేముందు చల్లబరిచే జల్లెడ వంటి పరికరం అది. పాలమూరు ఎండలు తెలిసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కర లేదు: 45 డిగ్రీల ఎండలో గాలి, 15 డిగ్రీల గాలితో పోలిస్తే దాదాపు పదోవంతు పలచన, దాన్ని టర్బో కుదించేసరికి వేడి నూరు డిగ్రీలు దాటిపోతుంది. వేసవి మధ్యాహ్నం పెబ్బేరు నుంచి అలంపూర్ చౌరస్తా దాకా నిండు బరువుతో పోయే బండికి ఇంటర్‌కూలర్ లేకపోతే టర్బో ఇచ్చే లాభంలో పెద్ద భాగం ఎండే తినేస్తుంది.

తరువాతి ఏళ్ళలో ల్యాగ్ మీద దాడి నాలుగు వైపుల నుంచీ సాగింది. ఒక పెద్ద టర్బో స్థానంలో త్వరగా వేగం పుంజుకునే రెండు చిన్నవాటిని పెట్టి, బలాన్ని నాలుగు చక్రాలకూ పంచిన 911 టర్బో 1995లో వచ్చింది. 2006లో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు అమర్చి, పొగ తక్కువగా ఉన్నప్పుడు దారిని ఇరుకు చేసి దాని వేగం పెంచే ఏర్పాటు చేశారు; డీజిల్ ఇంజన్లలో అప్పటికే ఉన్న ఈ పద్ధతిని పెట్రోలు పొగలోని అధిక వేడికి తట్టుకునేలా చేయడం నిజంగా గొప్ప పనే. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి లోపలి గాలిని చల్లబరచడంతో, కుదింపు నిష్పత్తిని మరీ తగ్గించవలసిన అగత్యం కూడా తప్పింది.

అయినా మామూలు 911 కరేరా మాత్రం టర్బో లేకుండానే సాగింది, 2015 దాకా. ఆ ఏడాది కాలుష్య నియమాల ఒత్తిడితో దానికి కూడా రెండు టర్బోలున్న మూడు లీటర్ల ఇంజన్ వచ్చింది. ఇక్కడ టార్క్ అనే మాటను గమనించాలి. ఇంజన్ ఇరుసును తిప్పే బలం అది, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పాత 3.4 లీటర్ల ఇంజన్ 390 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను నిమిషానికి 5,600 చక్కర్ల దగ్గర అందుకునేది. కొత్తది 450ని 1,700 నుంచి 5,000 దాకా ఒకే మట్టంలో ఇచ్చింది. అంటే పాత కారులో బలం కావాలంటే గేరు దించి, ఇంజన్‌ను పైకి లేపి, మెట్టుమెట్టుగా పెరిగే శబ్దంతో దాన్ని సంపాదించుకోవలసి వచ్చేది. కొత్త కారులో అది అడగకముందే సిద్ధంగా ఉంటుంది. శబ్దం కూడా మందగించింది, ఎందుకంటే పొగ దారిలో అడ్డంగా నిలిచిన టర్బైన్ ఆ ధ్వనిలో కొంత మింగేస్తుంది. కొత్త కారు అన్ని కొలతల్లోనూ వేగవంతమైనది. కానీ శ్రమకూ ఫలితానికీ మధ్య ఉన్న నిష్పత్తి, స్పోర్ట్స్ కారు అనే భావనకు మూలకందమైనది, అందులో పలచబడింది.

ఇదే తేడాను నల్లమల ఘాట్ రోడ్డులో సామాన్యమైన కార్లలో కూడా గుర్తించవచ్చు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు భారతదేశంలో 2006 నుంచి పన్ను రాయితీ ఉండడంతో, ఇంజన్‌ను చిన్నదిగా ఉంచి బలాన్ని టర్బోతో తెచ్చుకోవడం ఇక్కడ లాభసాటి అయింది. 2013లో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ ఆ దారిలో వచ్చినవే. వెన్యూలో టర్బో లేని 1.2 లీటర్ల ఇంజన్ సుమారు 115 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4,000 చక్కర్ల దగ్గర ఇస్తే, ఒక లీటరు టర్బో ఇంజన్ 172ను 1,500 నుంచే ఇచ్చింది. ఈగలపెంట నుంచి దిగి, ఆనకట్ట దిగువన కృష్ణను దాటి, సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు మొదటి కారును రెండో గేరులో గట్టిగా అరిపించక తప్పదు. రెండోది మూడో గేరులో తాపీగా లాగుతుంది. అయితే పదునైన వంపులో వేగం బాగా పడిపోయి ఇంజన్ 1,500 కిందికి దిగిందంటే, నలుగురు మనుషులు, సామానుతో ఉన్న టర్బో కారు ఒక్క క్షణం చతికిలబడి, అనుకున్న దానికన్నా జోరుగా లేస్తుంది. డ్రైవర్లు పికప్ లేదు అనేదీ, పికప్ ఎక్కువ అనేదీ ఒకే కారు గురించి కావడంలో వైరుధ్యం ఏమీ లేదు. 930 మలుపులో చేసిన పనే ఇది, చాలా చిన్న మోతాదులో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఈ దారిలో రాత్రి రాకపోకలు నిషేధం, పగలు కూడా వేగం అదుపులో ఉండాలి. ల్యాగ్‌ను గమనించడానికి ఆ నెమ్మదే అనుకూలం.

ఎదురుగా ఉన్న మార్పు టర్బో కాగా, అంతకన్నా లోతైనది స్టీరింగ్‌లో జరిగిందని చెప్పవలసి ఉంటుంది. 2011లో 911కు నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగ్ స్థానంలో విద్యుత్ మోటారుతో పనిచేసేది వచ్చింది. ఇంధనం ఆదా అయింది. కాని ముందు చక్రాలు తొక్కే కంకర, తడి, ఎత్తుపల్లాల కబురు చేతులకు అందడంలో వడపోత ఎక్కువైంది. టర్బో ఆలస్యాన్ని ఇంజనీర్లు ఏటేటా తగ్గించగలిగారు గాని, చేతుల్లోంచి జారిన ఆ కబురును పూర్తిగా తిరిగి తేలేకపోయారు.

2024లో వచ్చిన 911 కరేరా జీటీఎస్‌లో ఆలస్యం దాదాపు అంతమైంది. అందులోని 3.6 లీటర్ల ఇంజన్‌కు ఒకే టర్బో ఉంటుంది. దాని ఇరుసు మీదే, టర్బైన్‌కూ కంప్రెసర్‌కూ నడుమ, ఒక విద్యుత్ మోటారు కూర్చుంటుంది. పొగ కోసం ఎదురుచూడకుండా ఆ మోటారే చక్రాన్ని తిప్పేస్తుంది. పొగ అవసరానికి మించి ఉన్నప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును వెనక్కి ఇస్తుంది. గేర్‌బాక్సులో మరో మోటారు కూడా తోడై మొత్తం బలం 541 అశ్వశక్తి. బూషీ కాలం నుంచి వేధించిన లోపానికి ఇంతకన్నా అందమైన పరిష్కారం ఊహించడం కష్టం.

ఇంతటి పరిష్కారం దొరికిన దశలో కూడా అదే సంస్థ టర్బో లేని 911ను మానలేదు. అలాంటి కారుకున్న ఆదరణ అంతకుముందే తేలింది: టర్బో లేని జీటీ3 అనే రకం 2013లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో మాత్రమే వచ్చినప్పుడు అభిమానులు నిరాశపడ్డారు. 2016లో చేత్తో గేర్లు మార్చే 911 ఆర్ అనే కారును 991 మాత్రమే తయారు చేయగా దాని కోసం కొనుగోలుదారులు ఎగబడ్డారు. దరిమిలా 2017లో నాలుగు లీటర్ల ఇంజన్‌తో, నిమిషానికి 9,000 చక్కర్ల దాకా లేచే జీటీ3కి కోరినవారికి మాన్యువల్ గేర్‌బాక్సును మళ్ళీ ఇచ్చారు.