పందికొక్కు నుండి పత్తి ఎలుక వరకు

విజయనగరం నుండి పార్వతీపురం పోయే రైలు మార్గం 1908–09లో ప్రారంభమైనది. ఆ మార్గంలో, చంపావతీ నదీ తీరాన గజపతినగరం ఉన్నది. చుట్టుపక్కల పల్లెలలోని రైతులకు రెండు రకాల ఎలుకలు బాగా తెలుసు. ఒకటి ఇంటి దూలాల మీద పరుగెత్తే ఎలుక. రెండవది పొలం గట్లను తొలిచే పందికొక్కు. ఇవి రెండూ గాక మూడవ ఎలుక ఒకటి ఉన్నది. అది అమెరికాలోని పొలాలలో పుట్టి పెరిగేది. దానిని ఇక్కడివారు చూచి ఉండరు. అయినా మొదటి రెండూ చేసిన కీడును చెప్పేటప్పుడు ఆ మూడవది చేసిన మేలును కూడా చెప్పక తప్పదు.

పందికొక్కు తెలుగు మాట. ఇంగ్లీషువారు దానిని విని ‘బాండికూట్’ అన్నారు. ఆ మాట తరువాత సముద్రాలు దాటి, ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లలను పెంచే మరొక జంతువుకు పేరైనది. ఎలుక జాతితో ఆ జంతువుకు ఏ సంబంధమూ లేదు. పందికొక్కు మాత్రం వరిచేలలోనే ఉండి వెన్నులను కొరికి, కలుగులోనికి మోసికొనిపోయి దాచుకొంటుంది. పేదవారు కోతల తరువాత కలుగులు త్రవ్వి ఆ ధాన్యాన్ని తీసికొనడం కద్దు. ఎలుక ముందరి పండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీయడానికి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. గర్భధారణ సుమారు మూడు వారాలే. కనుక ఒక జంటను విడిచిపెడితే గాదె కాపలాకు పిల్లి ఒక్కటే చాలదు.

ఇంత నష్టం చేసే జంతువును తెలుగువారు కేవలం ద్వేషించలేదు. వినాయకుని వాహనంగా దానికి పూజలో చోటిచ్చారు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలో హిరణ్యకుడనే ఎలుక వలలో చిక్కిన పావురాలకు బంధాలు కొరికి విడిపిస్తుంది. పండ్లతో చెరచేదే పండ్లతో రక్షించవచ్చునని ఆ కథ చెబుతుంది. శాస్త్ర చరిత్రలో కూడా దాదాపు ఇదే జరిగినది.

ముందు చెరుపును చూద్దాం. 1894లో హాంకాంగులో యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. 1896లో ఆ వ్యాధి బొంబాయి చేరినది. మొదట ఎలుకలు రాలిపోవడం, తరువాత మనుష్యులు చనిపోవడం ప్రజలు గమనించారు. ఎలుకలు చచ్చిన ఇండ్లను విడిచి పొలాలలో పాకలు వేసుకొన్న పల్లెలు ఉన్నవి. 1898లో కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీని రహస్యం విప్పాడు. చచ్చిన ఎలుక చల్లబడగానే దాని మీది గోమార్లు వేడి రక్తం కోసం ఇతర ప్రాణుల పైకి దూకుతాయి. వ్యాధిని మోసేది ఆ గోమారే. భారతదేశంలో కొన్ని దశాబ్దాలలో కోటి మందికి పైగా ప్లేగు వలన మరణించారు. 1994లో సూరతు నగరంలో అది మరల కనబడి జనాన్ని భయపెట్టినది. అయితే అప్పటికి దానికి మందులు ఉన్నవి. ఎలుక మూత్రం కలిసిన నీటి వలన వచ్చే జ్వరానికి కారణమైన క్రిమిని 1915లో జపానులో ఇనాడ, ఇడో అనేవారు గుర్తించారు. తడి పొలంలో వట్టి కాళ్ళతో పనిచేసేవారికి, కాలికి పుండ్లున్నవారికి దాని భయం ఎక్కువ.

ఇక మేలు సంగతి. మనిషి వలెనే అన్నీ తినే జంతువు గనుక ఎలుక ఆహార పరిశోధనకు చక్కగా తగినది. కూనూరులో మెక్కారిసన్ అనే వైద్యుడు భారతదేశపు వివిధ ప్రాంతాలవారి భోజనాన్ని వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి చూచాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి బాగా పెరిగినవి. మరపట్టిన బియ్యమే ప్రధానంగా తిన్నవి చిన్నవిగా ఉండి రోగాల పాలైనవి. ఆ పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు మారినది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. చోడి అంబలిని విడిచి తెల్లని అన్నానికి మారిన ఉత్తర కోస్తా గ్రామాలకు ఆ ఎలుకలు చెప్పిన పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది.

ఈ ప్రాంతంతో మూడవ ఎలుకకు గల సంబంధం ఇంకా దగ్గరది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బోదకాలు చిరకాలంగా ఉన్న వ్యాధి. దారం వంటి పురుగులు మనిషి రసనాళాలలో చేరి పిల్లలను పెడతాయి. ఆ సూక్ష్మమైన పిల్లలు రాత్రివేళ రక్తంలోనికి వస్తాయి. మురుగునీటిలో పెరిగే దోమ వాటిని పీల్చుకొని మరొకరికి చేరుస్తుంది. దోమకు గల ఈ పాత్రను 1877లో మాన్సన్ చైనాలో కనుగొన్నాడు. అయితే ఆ తరువాత 70 సంవత్సరాల వరకు తగిన మందు దొరకలేదు. మందును పరీక్షించాలంటే ఆ పురుగు ఉన్న ప్రాణి కావాలి. మనిషి పురుగేమో ఎలుకలో పెరగదు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయంలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన వేలాది అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడంతో మందు కోసం వెదకడం అత్యవసరమైనది. సుబ్బారావు బృందానికి పత్తి ఎలుక అక్కరకు వచ్చినది. ఆ ఎలుక రొమ్ము కుహరంలో బోదకాలు పురుగుకు దగ్గరి జ్ఞాతి అయిన పురుగు సహజంగానే ఉంటుంది. దాని పిల్లలు ఎలుక రక్తంలో తిరుగుతాయి. మందు ఇవ్వక ముందు, ఇచ్చిన తరువాత రక్తపు చుక్కలో వాటిని లెక్కించవచ్చు. లెక్క తగ్గితే మందు పనిచేసినట్లే. ఈ పద్ధతిలో రసాయనాలను పరీక్షించి, డైఇథైల్ కార్బమజీన్ అనే దానిని హ్యూవిట్, కుష్నర్, సుబ్బారావు మొదలైనవారు 1947లో ప్రకటించారు. హెట్రజాన్ అనే పేరుతో వెలువడిన మందు ఇదే. మరుసటి సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశాడు.

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నిరోధక కార్యక్రమం 1955లో మొదలైనది. వ్యాధి ఉన్న జిల్లాలలో ప్రజలందరికీ సంవత్సరానికి ఒకసారి మందు మ్రింగించే కార్యక్రమం 2004లో విస్తృతంగా ఆరంభించబడినది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాలు వాచనివాడు, ‘నాకు జబ్బు లేదు, మాత్ర ఎందుకు?’ అంటాడు. కాని వాపు కనబడని మనిషి రక్తంలో కూడా పురుగు పిల్లలు ఉండవచ్చు; దోమకు అవి చాలు. మాత్ర వేసికొన్న పిదప కొందరికి జ్వరమో తలనొప్పియో రావడం కూడా సాధారణంగా ఆ పిల్లలు చావడం వలననే. బాగా ముదిరిన వాపును మందు తీసివేయలేదు. అటువంటివారికి కాలిని రోజూ కడిగి శుభ్రంగా ఉంచుకోవడం మేలు. గర్భిణీ స్త్రీలకు, రెండేండ్ల లోపు శిశువులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఈ మాత్ర ఇవ్వరు.

పత్తి ఎలుక రక్తపు చుక్కలో లెక్క తగ్గించిన మందు, పల్లెలో చేతికిచ్చిన మాత్ర ఒకటే. ప్రయోగశాలలో ఎలుకకు దానిని కాదనే వీలు లేకపోయినది. పల్లెలో మ్రింగడమూ, చెత్తకుప్పలో పారవేయడమూ మనిషి ఇష్టం. మాత్ర ఎందుకో తెలిసిన విద్యార్థి ఇంటిలో ఒక్కడున్నా ఆ నిర్ణయం మారవచ్చు. హిరణ్యకుడు వల కొరికినాడు గాని, పావురాలు కూడా ఒక్కుమ్మడిగా ఎగిరి అతని దగ్గరకు చేరవలసి వచ్చినది.