ఘంటసాల వెంకటేశ్వరరావు: ఒక గొంతు, ఒక మైకు, ముప్పై ఏళ్ళు



ఖుర్సీపార్ వీధుల్లో ఒక చిత్రమైన అలవాటు ఉంది. మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినిపిస్తే చాలు, ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి, "ఎవరింట్లో?" అని అడుగుతారు. ఎవరో పోయారని వాళ్ళకి అర్థమైపోతుంది. మీలో చాలామంది ఆ గొంతును మొదట అలాగే విని ఉంటారు. యుద్ధభూమిలో కూలబడిపోయిన ఒకణ్ణి లేచి నిలబడి పనిచెయ్యమని చెప్పిన గ్రంథం, మన వీధుల్లో చావు కబురుగా మిగిలింది. ఆ గొంతు ఎవరిది, ఎక్కడ తయారైంది, ఏ యంత్రాల గుండా నడిచి మన వీధిదాకా వచ్చింది అన్నది ఈ పాఠంలో చూద్దాం.

నేను సైన్సు చెప్పేవాణ్ణి, సంగీతం చెప్పేవాణ్ణి కాదు. కాబట్టి రాగాల గురించి తక్కువ, మైకుల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను. సర్దుకోండి.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. (ఘంటసాల అన్నది ఇంటిపేరు. అదే జిల్లాలో ప్రాచీన బౌద్ధ స్థూపం ఉన్న ఘంటసాల అనే ఊరు వేరే ఉంది. చరిత్ర పరీక్షలో రెండూ కలిపెయ్యకండి.) తండ్రి సూరయ్య గారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. ఆయన పాడుతుంటే ఈ పిల్లవాడు అడుగులు వేసేవాడు. పిల్లవాడి చిన్నతనంలోనే తండ్రి పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఇంట్లో డబ్బు లేదు. నేర్పే గురువు దగ్గరలో లేడు. అప్పుడా కుర్రవాడు ఒంటరిగా బయలుదేరి విజయనగరం చేరాడు.

విజయనగరం అనగానే మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తలెత్తి చూస్తారు. ఖుర్సీపార్‌లో ఉన్న తెలుగు కుటుంబాలలో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలలోనే ఉన్నాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజులలో మీ తాతలు, ముత్తాతలు పని వెతుక్కుంటూ ఎక్కింది ఆ మార్గంలో నడిచే బళ్ళే. వాళ్ళు పొట్ట చేత పట్టుకుని విజయనగరం వదిలి వచ్చారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఈ కుర్రవాడు అదే పొట్టను చేత పట్టుకుని విజయనగరానికి వెళ్ళాడు.

అక్కడ 1919లో మహారాజా విజయరామ గజపతి నెలకొల్పిన సంగీత కళాశాల ఉంది. దాని మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తరువాత వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ స్థానంలో ఉన్నారు. చదువు అక్కడ దొరికింది కానీ తిండి దొరకలేదు. సాలూరు ప్రాంతానికి చెందిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ కుర్రవాణ్ణి శిష్యుడిగా చేరదీశారు. ఆయనా కలిగినవారు కాదు. అందుచేత శిష్యుడు భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ వెళ్ళి మధుకరం చేసుకున్నాడు. మధుకరం అంటే తుమ్మెద పువ్వు పువ్వునా తేనె కూర్చుకున్నట్టు ఇంటింటా ఒక ముద్ద అడిగి తెచ్చుకోవడం. పేరు అందంగా ఉంటుంది కాని, ఎండలో తలుపు కొట్టి నిలబడే పిల్లవాడికి అందులో అందమేమీ కనబడి ఉండదు. ఆ ఊరి ఇల్లాళ్ళు పెట్టిన ముద్దలతో ఆ గొంతు బతికింది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

చదువు ముగించుకుని ఆయన స్వగ్రామం వెళ్ళి, పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో పాడుతూ, పాఠాలు చెబుతూ గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి దగ్గరి అల్లీపురం జైలులో ఏడాదిన్నర ఉన్నారు. 1944లో సావిత్రి గారితో పెళ్ళయింది. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు, గ్రామఫోను కంపెనీలో పేకేటి శివరాం అవకాశాలిచ్చారు. 1944లో వచ్చిన "సీతారామ జననం"లో బృందగానంలో గొంతు కలిపారు. 1945 నాటి "స్వర్గసీమ"లో భానుమతితో కలిసి పాడిన పాటకు 116 రూపాయలు ఇచ్చారని చెబుతారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. అసలు నేపథ్యగానం అంటే ఏమిటి?

తెలుగులో మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైంది. అప్పట్లో నటించేవాళ్ళే పాడాలి. కెమెరాకు కనపడకుండా ఏ చెట్టు వెనకనో వాద్యబృందం కూర్చునేది. అందుచేత పాట వచ్చినవాడికే వేషం. 1935లో కలకత్తాలో నితిన్ బోస్ తీసిన హిందీ చిత్రం "ధూప్ ఛావ్"లో పాటను ముందే రికార్డు చేసి, షూటింగులో దాన్ని వినిపిస్తూ నటుల చేత పెదవులు కదిలించారు. శబ్దాన్నీ బొమ్మనూ విడదీసి, తరువాత అతికించడం అన్నమాట. ఈ చిన్న సాంకేతిక మార్పుతో రెండు కొత్త వృత్తులు పుట్టాయి. పాడటం రాని నటుడికి చోటు దొరికింది, తెర మీద కనబడని గాయకుడికి జీతం దొరికింది. ఘంటసాల మద్రాసు వచ్చే సమయానికి ఆ తలుపు అప్పుడప్పుడే తెరుచుకుంటోంది. పదేళ్ళు ముందు పుట్టి ఉంటే ఆయన ఏ నాటక సమాజంలోనో ఉండేవారని నా ఊహ.

నాటకాల పద్యం మీకు తెలుసు కదా! ఒక్కొక్క పద్యానికి ఎంతో సేపు రాగం తీసేవారు, గొంతు పగిలేలా పాడేవారు. ఇది వట్టి ఆర్భాటం కాదు, అందులో భౌతికశాస్త్రం ఉంది. దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మైకు లేని రోజుల్లో చివరి వరుసలో కూర్చున్నవాడికి వినబడాలంటే నటుడు అరవక తప్పదు. అరిచే గొంతులో సున్నితమైన అక్షరాలు నలిగిపోతాయి. మైకు వచ్చాక గాయకుడికీ వినేవాడికీ మధ్య దూరం జానెడైంది. ఈ సంగతి అర్థం చేసుకుని పద్యాన్ని మార్చినవాళ్ళలో ముందు చెప్పవలసినది ఘంటసాలనే. రాగాలాపన తగ్గించారు. మాటను ఎక్కడ విరిస్తే అర్థం తెలుస్తుందో అక్కడ విరిచారు. జాషువా మొదలు కరుణశ్రీ దాకా ఎందరి పద్యాలో జనం నోళ్ళలో అప్పటికే ఉన్నాయి. కానీ కరుణశ్రీ "పుష్పవిలాపం"ను చదువు రానివాళ్ళు కూడా విని కళ్ళు తుడుచుకున్నారంటే ఆ పద్ధతి వల్లనే.

మరో సంగతి గమనించండి. అప్పటి 78 చుట్ల గ్రామఫోను పలక ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పలికేది. అంతలో భావమంతా చెప్పాలి. మైకు ఆయనకు దగ్గరతనాన్నిస్తే, పలక పొదుపు నేర్పింది. రికార్డింగు గదిలో గాయకులు, వాద్యాలవాళ్ళు అందరూ ఒకేసారి ఉండేవారు. వేణువు తప్పినా, తబలా తప్పినా పాట మొదటి నుంచి మళ్ళీ పాడాలి. ఇప్పటిలాగా ఒక ముక్క తీసి ఇంకో ముక్క అతికించే వీలు లేదు. అందుచేత మీరు వింటున్నది ఒక్క ఊపిరిలో జరిగిపోయిన సంఘటన.

ఆయన కేవలం గాయకుడు కాదు. "కీలుగుర్రం" (1949), "మనదేశం" (1949), "పాతాళభైరవి" (1951), "పెళ్ళి చేసి చూడు" (1952), "లవకుశ" (1963) వంటి చిత్రాలకు సంగీత దర్శకుడు. "మాయాబజార్" (1957)లో నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి, మిగిలిన పాటలు చేసింది ఘంటసాల. రాజేశ్వరరావు బాణీలను తనవిగా మార్చెయ్యకుండా వాటి స్వభావం అలాగే నిలిపారు. ఇది నాకు ఆయన గొప్ప పాటల కన్నా గొప్పగా తోస్తుంది.

ఎన్.టి. రామారావుకీ అక్కినేని నాగేశ్వరరావుకీ ఆయనే పాడేవారు. కళ్ళు మూసుకుని విన్నా పాట ఎవరిదో చెప్పగలిగేవారు ప్రేక్షకులు. స్వరతంత్రులు అవే. నోటి లోపలి ఖాళీ ఆకారం మారితే అచ్చుల రంగు మారుతుంది. అద్దం ముందు నిలబడి ఒకే శ్రుతిలో "ఆ" అని, తరువాత పెదవులు కాస్త ముడిచి మళ్ళీ "ఆ" అనండి. తేడా మీకే తెలుస్తుంది. అది తెలియడం సులువు, అదే తేడాను పాట పొడుగునా నిలపడం ఎంత కష్టమో ప్రయత్నిస్తేగాని తెలియదు.

నిర్మాతగా మాత్రం ఆయనకు కలిసిరాలేదు. "పరోపకారం" (1953), "సొంతవూరు" (1956), "భక్త రఘునాథ్" (1960) తీశారు. ఆ చిత్రాలు సంపాదించి పెట్టలేదు, ఉన్నది పట్టుకుపోయాయి.

ఇక లెక్కలకు వద్దాం. ఆయన పదివేలకు పైగా పాటలు పాడారని కొన్నిచోట్ల చదువుతారు. చరిత్ర చదివేవారు ఇలాంటి అంకె కనబడగానే కాగితం, పెన్సిలు తీయాలి. 1945 నుంచి 1974 దాకా 29 ఏళ్ళు, అంటే సుమారు 10,600 రోజులు. పదివేల పాటలంటే దాదాపు రోజుకొకటి, పండుగలు, జబ్బులు, ప్రయాణాలు లేకుండా. 1950లలో తెలుగులో ఏడాదికి వచ్చే చిత్రాలు కొన్ని పదులే. ముప్పై చిత్రాలనుకుని, చిత్రానికి పది పాటలు వేసుకుంటే మొత్తం మూడువందలు. అందులో సగం స్త్రీ గొంతులవి, మిగిలినవాటిలో ఇతర గాయకులవి కొన్ని. కాబట్టి ఆ అంకె అభిమానం పెంచిన అంకె. మరి పి. సుశీల గారి మాటేమిటి అంటారు. ఆవిడ పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వారు గుర్తించారు. కానీ ఆవిడ ఎన్నో భాషలలో దశాబ్దాలపాటు పాడారు, పైగా ఆ అంకె వెనక పాటల జాబితా ఉంది. అన్నట్టు, ఆవిడా విజయనగరం అమ్మాయే. ఈ మాట చెబితే మా వీధిలో కొందరు పెద్దలకు కోపం వచ్చింది, "మా ఘంటసాలని తక్కువ చేస్తావా" అని. అంకె తగ్గితే మనిషి తగ్గడు.

హిందీ మాట్లాడే ఊళ్ళో పెరుగుతున్న మీకు ఒక ప్రయోగం చెబుతాను. 1957లో "సువర్ణసుందరి" చిత్రం వచ్చింది. సంగీతం ఆదినారాయణరావు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అనే నాలుగు రాగాలను మాలగా కట్టి ఒక యుగళగీతం చేశారాయన. తెలుగులో దాన్ని ఘంటసాల, జిక్కి పాడారు. అదే చిత్రం హిందీలో వచ్చినప్పుడు అదే బాణీని మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. మీ బడిలోని హిందీ స్నేహితుడికి రఫీ పాట తెలిసే ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రెండూ వినండి. ఏది గొప్ప అని కొట్లాడుకోవద్దు. ఎక్కడ మాట బరువెక్కింది, ఎక్కడ స్వరం బరువెక్కింది అన్నది చూడండి. కర్ణాటక బాణీలో పెరిగిన ఘంటసాలకు హిందుస్తానీ మీద ఎంతో మక్కువ. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన ఇంటనే బస చేసేవారు.

ఆ గొంతు మా ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మా నాన్న రెండో షిఫ్టు దిగి రాత్రి పది దాటాక ఇల్లు చేరేవారు. అన్నం తింటూ రేడియో ముల్లు మెల్లగా తిప్పేవారు. పగలంతా గరగరమనే చోట రాత్రి విశాఖపట్నం పలికేది. అది మా ఇంటి రేడియో మహిమ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కారణం వేరు. పగలు సూర్యకాంతి వల్ల వాతావరణం పైభాగంలో ఏర్పడే ఒక అయాను పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి, వంగి, తూర్పు కనుమలు దాటి వందల కిలోమీటర్ల దూరంలో దిగుతాయి. చీకటి పడితేనే ఖుర్సీపార్‌కు తెలుగు వినబడేది. నేను బి.ఎస్‌సి.లో ఆ పాఠం చదివిన రోజు నాన్నకు చెప్పాను. ఆయన విని, "అయితే అయింది, పాట వినబడింది కదా" అన్నారు.

1970లో ఘంటసాలకు పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్ళి అక్కడి తెలుగువారికి పాడి వచ్చారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. ఆ స్థితిలోనే భగవద్గీత రికార్డు చేశారు. ఏడువందల శ్లోకాలలో వందకు పైగా ఎంచుకుని, శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం చెబుతూ సాగింది అది. మూడు నిమిషాల పలక రోజులు పోయి, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పలికే లాంగ్ ప్లే రికార్డు వచ్చింది కాబట్టే అది వీలైంది. 1974 ఫిబ్రవరి 11న ఆయన మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి వయసు 51. రికార్డు ఆయన పోయాక విడుదలైంది. 2003లో అదే తేదీన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

మీలో కొందరికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పాట సాహిత్యాన్ని దేవనాగరిలో రాసుకుని పాడే పిల్లలను మన వేడుకల్లో చూశాను. ఒత్తులు కొన్ని జారిపోతుంటాయి. ఈసారి అలా రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని ఘంటసాల పాడిన ఒక పద్యం వినండి, జారిన ఒత్తు ఎక్కడుందో ఆయన పలికి చూపిస్తారు. తరువాత ఇంట్లో తాతగారినో అమ్మమ్మగారినో అడగండి, ఆ పద్యాన్ని వాళ్ళు మొదటిసారి ఎక్కడ విన్నారో, ఆ రేడియో ఎవరిదో. వాళ్ళు చెప్పింది చెప్పినట్టుగా తేదీ వేసి నోటు పుస్తకంలో రాసి ఉంచండి.