ఇంట్లో వేసుకున్న హెయిర్ కలర్ తేడా కొడితే ఏం చేయాలి?

పెళ్లి రెండు రోజుల్లో ఉందనగా రాత్రి పూట తలకు రంగు వేసుకుని, కడిగాక అద్దం చూసి గాబరా పడేవాళ్లు చాలామందే. ఆ గాబరాలో ఇంకో ప్యాకెట్ తెప్పించి దాని మీదే వేసేస్తారు. అసలు నష్టం అక్కడే. మా ఖాలా అలాగే చేశారు. వలీమా అంతా దుపట్టా నుదుటి దాకా లాక్కునే కూర్చున్నారు.

ముందు రంగు సంగతి వదిలేసి చర్మం చూసుకోండి. దురద, మంట, కనురెప్పల వాపు ఉంటే అది షేడ్ సమస్య కాదు, అలర్జీ. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ (పారా ఫినైలిన్ డయమైన్) అనే కెమికల్ వల్ల ఇలా అవుతుంది. వెంటనే తల బాగా కడిగేసి డాక్టర్‌కు చూపించాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అలర్జీ ఒక్కోసారి ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడుతుంది, ఇంతకుముందు ఏమీ కాలేదనే ధీమా పనికిరాదు. పండగకు చేతులకు నల్ల కోన్ పెట్టించుకుని బొబ్బలు వచ్చినవాళ్లు అసలు ఇలాంటి రంగుల జోలికి పోకూడదు. ఆ కోన్లలోనూ చాలాసార్లు ఉండేది ఇదే కెమికల్.

చర్మం బాగుందంటే, ఇక వేసుకున్నది ఏమిటో ప్యాకెట్ మీద చదవండి. పేరులో మెహందీ అని ఉన్నంత మాత్రాన అది గోరింటాకు అయిపోదు. ఉత్త గోరింటాకు ఎర్రగా, నారింజగా పండుతుంది కానీ నల్లగా పండదు. "బ్లాక్ మెహందీ" అంటే లోపల కెమికల్ ఉందనే అనుకోవాలి. కొన్ని మిశ్రమాల్లో లోహ లవణాలు కూడా ఉంటాయి. అలాంటి జుట్టు మీద బ్లీచ్ పడితే వేడెక్కి వెంట్రుకలు కాలినట్టు తెగిపోతాయి. అందుకే పార్లర్‌కు వెళ్తే ఏం వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

మరీ నల్లగా, విగ్గు పెట్టినట్టు వచ్చిందా? మొదటి రెండు మూడు రోజులే మంచి సమయం. చుండ్రు షాంపూతో గోరువెచ్చటి నీళ్లతో రోజుకోసారి కడిగితే కొంత దిగుతుంది. తర్వాత కండిషనర్ తప్పనిసరి, లేకపోతే జుట్టు గడ్డిలా అవుతుంది. పైన బ్రౌన్ కలర్ వేస్తే నలుపు తగ్గుతుందని అనుకోవద్దు. రంగు మీద రంగు వేస్తే పాత రంగు తేలిక పడదు. కుదుళ్ల దగ్గర కొత్త జుట్టు మాత్రం నెత్తి వేడికి తొందరగా మారి ఎర్రబడుతుంది, కిందంతా నల్లగానే మిగులుతుంది. అలా రెండు రంగులైతే, కింది జుట్టుకు దగ్గరగా ఉన్న షేడ్‌ను కుదుళ్లకు మాత్రమే వేయాలి. అదీ 15 రోజులు ఆగాకే. అప్పటిదాకా పాపిడిలో టచప్ పౌడర్ అద్దుకుంటే చాలు.

ఇక ఎక్కువమంది అడిగేది ఇదే: గోరింటాకుతో తెల్ల వెంట్రుకలు నారింజ అయిపోతే? దానికి నీలి ఆకు పొడి (ఉర్దూలో వస్మా) ఉంది. ప్యాకెట్ మీద ఇండిగోఫెరా టింక్టోరియా తప్ప ఇంకేమీ లేదని చూసుకుని కొనండి. ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడండి. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి కలిపి, 10, 15 నిమిషాలు ఉంచి వెంటనే తలకు పట్టించాలి. ఎక్కువసేపు నిల్వ ఉంటే పట్టదు. గంట తర్వాత ఉత్త నీళ్లతో కడగండి. అప్పుడు పచ్చగా కనిపిస్తే కంగారు పడొద్దు, గాలి తగిలి ఒకట్రెండు రోజుల్లో ముదురు గోధుమ లేదా నలుపుకు వస్తుంది.

నుదురు, చెవుల మీద మరకలకు కొబ్బరినూనెతో దూది చాలు. కిరోసిన్, బట్టల బ్లీచ్ వాడొద్దు. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కనుబొమలకు తలరంగు వేయకూడదు.

గిన్నెలో మిగిలిన రంగు దాచుకోవద్దు, మళ్లీ పనికిరాదు. పైగా పీపీడీ ఉన్న రంగు కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లలున్న ఇంట్లో వెంటనే పారబోసి గిన్నె కడిగేయండి.