ట్రైబ్ అంటే ఎవరు?

బడిలో చేరడానికొచ్చిన పిల్లవాణ్ని "ఏ తెగరా మీది?" అని అడిగితే "ఎస్టీ సార్" అంటాడు. ఎస్టీ తెగ పేరు కాదు కదా. మళ్లీ అడిగితే తల దించుకుని "చెంచోళ్లం" అంటాడు. మొదటి మాటకు దించని తల రెండో మాటకే ఎందుకు దించుతాడు?

ఎస్టీలో 'టీ' అంటే ట్రైబ్. దాని మూలం లాటిన్ మాట. రోమ్‌లో పౌరులను ఓట్ల కోసం 35 ట్రైబులుగా విభజించారు. అంటే అది మొదట అడవివాళ్ల పేరు కాదు, ఓటున్నవాళ్ల పేరు.

మన దగ్గరికి అది పోలీసు రిజిస్టరులో కూడా వచ్చింది. తెల్లదొరలు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు ఆ రాష్ట్రంలో కర్నూలు జిల్లా కిందివి. ఎరుకలవాళ్లు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మినవాళ్లు. రైళ్లొచ్చి ఆ బేరం పోయింది, తిరగడం మాత్రం నేరమైంది. వేలిముద్రలు, హాజర్లు, ఊరు దాటితే చెప్పి వెళ్లడాలు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలాంటి సెటిల్మెంటుగా పుట్టిందే. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. జనం నోట్లోంచి పోయిందా అంటే, సంతలో మనవాళ్ల సంచీల వైపు చూసే చూపుల్ని అడగాలి.

1950లో అదే ట్రైబ్ ముందు 'షెడ్యూల్డ్' చేరింది. చిత్రమేమంటే, ట్రైబ్ అంటే ఏమిటో రాజ్యాంగం చెప్పదు. 342వ అధికరణం కింద ప్రకటించిన జాబితాలో ఉన్నవాళ్లే ఎస్టీలు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా 'ఆదివాసి' అనే మాట కోసం వాదించారు, దక్కలేదు. తెలుగులో 'గిరిజనులు' అన్నారు. నల్లమల చెంచుకు సరే, మైదానంలో చేపలు పట్టుకునే యానాదికి గిరి ఎక్కడిది?

ఆ జాబితా వద్దనను. అది లేకుంటే హాస్టలు లేదు, నా ఉద్యోగమూ లేదు. నా బాధ దరఖాస్తుతోనే. 'కులం' గడిలో ఎస్టీ, 'ఉపకులం' గడిలో చెంచు అని రాయిస్తారు. వేల ఏళ్ల జాతి డెబ్బై ఎనభై ఏళ్ల జాబితాకు ఉపకులం ఎట్లా అవుతుంది?

అందుకే చేరికల రోజున నేను ముందు గూడెం పేరు అడుగుతాను, తర్వాత తెగ పేరు, ఆ పైన ఇంటిపేరు. ఎస్టీ అని పిల్లవాడితో చెప్పించను. అది నేనే రాసుకుంటాను.