ప్రసూతి గదిలో పరిశోధన: కరీంనగర్ నర్సింగ్ చరిత్రలో ఒక అధ్యాయం

కీలక పదాలు: చర్యాత్మక పరిశోధన, నర్సింగ్, మిడ్‌వైఫరీ, మంత్రసాని, పార్టోగ్రాఫ్, కరీంనగర్.

1. ఉపోద్ఘాతం

పనిచేసేవారే తమ పనిలోని సమస్యను గుర్తించి, ఒక మార్పు చేసి చూసి, ఫలితాన్ని నమోదు చేసి, దాని ఆధారంగా తమ పద్ధతిని మళ్లీ సవరించుకోవడాన్ని చర్యాత్మక పరిశోధన అంటారు. 1946లో కర్ట్ లెవిన్ దీనిని ప్రణాళిక, ఆచరణ, ఫలితాల పరిశీలన అనే దశలు మళ్లీ మళ్లీ సాగే వలయంగా వివరించాడు. 1953లో స్టీఫెన్ కోరీ దీనిని పాఠశాలకు అన్వయించాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఈ పద్ధతి పరిచితమే. తరగతి గదిలో ఉపాధ్యాయునికి లభించిన ఈ పరిశోధకస్థానం ప్రసూతి గదిలో నర్సుకు ఎంతవరకు లభించిందనే ప్రశ్నను కరీంనగర్ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మంత్రసాని నుండి స్టాఫ్ నర్సు వరకు

ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో కాన్పు మంత్రసాని చేతిలో ఉండేది. ఆమె విద్య చేతిలో ఉంది, మాటలో ఉంది, కాగితం మీద లేదు. అందువల్ల మేలుచేసే పద్ధతులూ కీడుచేసే పద్ధతులూ పరీక్షకు నిలవకుండానే తరతరాలు సాగాయి.

లెవిన్ వ్యాసం వెలువడిన 1946లోనే భోర్ కమిటీ నివేదిక కూడా వెలువడింది. అప్పటి భారతదేశంలో దాదాపు 43 వేల మందికి ఒక నర్సు మాత్రమే ఉన్నదని ఆ కమిటీ లెక్కించింది. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం శిక్షణకు దేశవ్యాప్తంగా ఒకే ప్రమాణాన్ని ఏర్పరచింది. మంత్రసానికి లేని రిజిస్టరు నర్సుకు లభించింది. అయితే ఆ రిజిస్టరు ప్రధానంగా పై అధికారికి లెక్క చెప్పడానికే ఉపయోగపడింది. రాసినవారు తమ పనిని తామే చదువుకునే సాధనం కాలేదు.

నర్సింగ్ చరిత్రలో ఇందుకు భిన్నమైన సంప్రదాయం కూడా ఉంది. 1854లో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్, యుద్ధానంతరం మరణాల లెక్కలను విశ్లేషించి, గాయాలకంటే నివారించదగిన వ్యాధులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని 1858లో చిత్రపటాల ద్వారా నిరూపించింది. నర్సు రాసిన లెక్క ఆచరణను మార్చగలదనడానికి అది తొలి నిదర్శనాల్లో ఒకటి.

3. కరీంనగర్: 2017 తరువాత

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం తెలంగాణలో సిజేరియన్ కాన్పులు సుమారు 58 శాతం. దేశ సగటు 17.2 శాతమే. ఈ నేపథ్యంలో 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి కరీంనగర్‌లో వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించాయి. మొదటి బృందంలో 30 మంది ప్రభుత్వ స్టాఫ్ నర్సులు, 18 నెలల శిక్షణ. వైద్యుని ఆజ్ఞను అమలుచేయడమే కాకుండా, సహజ ప్రసవాన్ని స్వయంగా నడిపించే నిర్ణయాధికారం నర్సుకు ఉండాలనే ఆలోచన దీనికి మూలం. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలను విడుదల చేసింది.

2019-21 నాటి తరువాతి సర్వేలో రాష్ట్రపు సిజేరియన్ శాతం 60.7, కరీంనగర్ జిల్లాది 82.4. వీటిని చూసి శిక్షణ విఫలమైందనడం తొందరపాటు. సర్వే గడచిన 5 సంవత్సరాల కాన్పులను కలిపి లెక్కిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రుల కాన్పులు కూడా అందులో ఉంటాయి. ఒక వార్డులో గత నెల వచ్చిన మార్పును అది చూపలేదు. దానిని ఆ వార్డులో పనిచేసే నర్సే లెక్కించాలి. చర్యాత్మక పరిశోధన అవసరం ఇక్కడే స్పష్టమవుతుంది.

4. వలయం సాగే తీరు

1972లో ఫిల్‌పాట్, కాజిల్ అనే వైద్యులు నాటి రొడీషియాలో, నొప్పుల పురోగతిని గుర్తించే పార్టోగ్రాఫ్‌పై హెచ్చరిక గీతను, దానికి 4 గంటల దూరంలో చర్య గీతను చేర్చారు. గర్భిణిని పెద్దాసుపత్రికి ఎప్పుడు తరలించాలో మారుమూల కేంద్రంలోని మిడ్‌వైఫ్ సకాలంలో నిర్ణయించడమే దాని ప్రయోజనం. జమ్మికుంట వంటి పట్టణం నుండి గర్భిణిని జిల్లా కేంద్రానికి పంపేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడా అదే.

కాన్పు అయిన తరువాత పూరించే పార్టోగ్రాఫ్ తల్లిని కాపాడలేదు. 2017 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమం, పార్టోగ్రాఫ్‌ను ఎప్పటికప్పుడు పూరించడం వంటి ఒక్కొక్క అంశాన్ని తీసుకుని దశలవారీగా మెరుగుపరచే విధానాన్ని సూచించింది. ఉదాహరణకు, ఒక వార్డు సిబ్బంది నెలరోజుల పార్టోగ్రాఫ్‌లను పరిశీలించి, రాత్రి విధుల్లోనే అవి ఆలస్యమవుతున్నాయని గుర్తించారనుకుందాం. కారణం నిర్లక్ష్యమా, సిబ్బంది కొరతా, కాగితం మంచానికి దూరంగా ఉండటమా? ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క మార్పు చేసి, మళ్లీ లెక్కించాలి. అయితే తప్పు రాసినవారిని శిక్షించే చోట నిజమైన లెక్క రాదు. కాబట్టి ఈ పరిశోధనకు మొదటి షరతు నర్సుకు రక్షణ.

5. భాషా పార్శ్వం

నర్సింగ్ చదువు ఆంగ్లంలో సాగుతుంది. ప్రసూతి గదిలో మాత్రం ‘నొప్పులు’, ‘ఉమ్మనీరు’, ‘మాయ’ అనే మాటలే వినిపిస్తాయి. తల్లి చెప్పిన బాధ ఆంగ్ల రిజిస్టరులోకి చేరేలోపు దాని సూక్ష్మాంశాలు జారిపోయే ప్రమాదం ఉంది. నర్సులు తమ పరిశీలనలను తెలుగులో రాసి, చర్చించుకునే వీలు కల్పించడం వైద్యశాఖతోపాటు తెలుగుశాఖలకూ సంబంధించిన బాధ్యత.

6. ముగింపు

మంత్రసానికి అనుభవం ఉన్నా రాత లేకపోయింది. నర్సుకు రాత ఉన్నా అది పై అధికారి చదువుకే పరిమితమైంది. కరీంనగర్ శిక్షణ నర్సుకు నిర్ణయాధికారం అవసరమని గుర్తించింది. తన నిర్ణయాలను తానే లెక్కించి, విమర్శించుకుని, సరిదిద్దుకునే సమయం, రక్షణ, భాష కూడా లభించినప్పుడే ఆ అధికారం ఆచరణలో నిలుస్తుంది.